ముందు వెళ్లినవాని మాట

ధ్యానభాగములు: సంఖ్యాకాండము 10:29–32, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



క్రిస్మసు సమీపించునప్పుడు మన యూళ్లలో రెండు విధములైన ప్రయాణములు కనబడును. దూరదేశములకు పనికి వెళ్లినవారు సెలవుమీద ఇంటికి వత్తురు. ఇంటివద్ద నున్నవారు ఒకటి రెండు దినములు ఎక్కడికైనను వెళ్లివత్తమని ఆలోచన చేయుదురు. దుబాయి, మస్కటు, కువైటులనుండి వచ్చువారు కొందరు; బొంబాయి, భివండి, సూరతులలో సాంచాలమీద పనిచేసి వచ్చువారు మరికొందరు. జగిత్యాల బస్టాండులోనైనను, కోరుట్ల రైలు స్టేషనులోనైనను, సిరిసిల్లలో చాయ కొట్టు ముందరనైనను ఒక అర్ధగంట నిలిచిన యెడల మన చెవిని బడు మాటలివి: ఎటు పోతున్నరు? ఏ బస్సు దొరుకుతది? ఉండనీకి జాగ ఉంటదా? ఎంత ఖర్చయితది?

ఇవి లోకసంబంధమైన మాటలనియు, వీటికిని దేవుని వాక్యమునకును పొత్తు లేదనియు కొందరు తలంచుచున్నారు. నాకట్లు తోచదు. బైబిలు గ్రంథమును తెరచిచూచిన యెడల అందులో సగముమంది దారిలోనే యున్నారు. అబ్రాహాము గుడారములు పెరికి నడిచెను. యాకోబు రాయి తలక్రింద పెట్టుకొని పండుకొనెను. రూతు అత్త వెంట పరదేశమునకు వచ్చెను. మన ప్రభువు గలిలయనుండి యెరూషలేమునకు కాలినడకను ఎన్నిమారులు తిరిగెనో లెక్కలేదు. దారిలో ఒకరితో ఒకరు ఏమి చెప్పుకొనిరో, ఎవరి మాట విని ఎవరు బ్రతికిరో, ఎవరి మాట విని ఎవరు చెడిరో వాక్యము శ్రద్ధగా వ్రాసిపెట్టినది.

ఇశ్రాయేలీయులు సీనాయి కొండయొద్ద దాదాపు ఒక సంవత్సరము నిలిచి, రెండవ సంవత్సరము రెండవ నెల ఇరువదియవ దినమున అక్కడనుండి సాగిపోయిరి. అప్పుడు మోషే తన మామ కుమారుడైన హోబాబును పిలిచి, మాతోకూడ రమ్మని అడిగెను. అతడు రానని, నా దేశమునకు నా బంధువులయొద్దకు పోయెదనని చెప్పెను. అయినను మోషే విడిచిపెట్టక, ఈ అరణ్యములో మేము ఎక్కడెక్కడ దిగవలెనో నీకు తెలియును, మాకు చూపు నిచ్చువాడవు నీవేయని బతిమాలుకొనెను.

ఇచ్చట ఒక సందేహము పుట్టవలెను. పగలు మేఘస్తంభము, రాత్రి అగ్నిస్తంభము ముందు నడుచుచుండగా మోషేకు హోబాబుతో నేమి పని? దేవుడే దారి చూపుచుండగా మనుష్యుని అడుగుట అవిశ్వాసము కాదా? కొందరు బోధకులు మోషేను ఈ విషయములో తప్పుపట్టిరి కూడ. నేను వారితో ఏకీభవింపను. మేఘము లేచినప్పుడు లేవవలెను, నిలిచినప్పుడు నిలువవలెను. అంతవరకు మేఘము చెప్పినది. కాని నిలిచిన చోట నీటి బుగ్గ ఏ ప్రక్కనున్నది, ఏ రాతిక్రింద తేళ్లుండును, ఏ లోయలో పసరములకు మేత దొరకును, ఏ దిక్కునుండి రాత్రివేళ చలిగాలి కొట్టును? ఆ యెడారిలో పుట్టి పెరిగినవానికి తెలియు సంగతులు అవి. ఆ తెలివిని అతనికి ఇచ్చినవాడును దేవుడే. హోబాబు చివరకు వచ్చెనో లేదో ఆ అధ్యాయములో వ్రాయబడలేదు. అయితే న్యాయాధిపతుల గ్రంథము నాలుగవ అధ్యాయము చూడుడి. హోబాబు సంతతివారు ఆ దేశములోనే కాపురమున్నట్లు అక్కడ కనబడును. వచ్చియుండును.

కాబట్టి క్రిస్మసునకు మెదకు దేవాలయము చూడబోవు మన కుటుంబములు ముందు వెళ్లివచ్చినవారిని అడుగుట మంచిదే. వెళ్లివచ్చినవారు చెప్పుట మరింత మంచిది. ఏమి చెప్పవలెను? సాధారణముగా మనము “మస్తు పెద్ద గుడి, చూడవలసినదే” అని ఊరకుందుము. అది చెప్పుట కాదు. ఆ దేవాలయము చార్లెస్ వాకర్ పోస్నెట్ అను మెథడిస్టు మిషనరీ పూనికతో 1914లో మొదలుపెట్టబడి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. అవి కరవు దినములు. పనిచేసిన పేదలకు తిండిగింజలు దొరకవలెనని ఆ కట్టడము సాగించిరి. కరవులో కూలి దొరికిన తాతముత్తాతలు ఆ రాళ్లు మోసిరని పిల్లలకు చెప్పి తీసికొనిపొండి, వారి కన్నులు వేరుగా చూచును. గోపురము 175 అడుగుల యెత్తు; లోపల సుమారు 5,000 మంది కూర్చుండవచ్చును.

ముందు వెళ్లినవాడు చెప్పవలసిన ముఖ్యమైన సంగతి ఇంకొకటి గలదు. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము చూపు మూడు రంగుటద్దముల కిటికీలు అక్కడున్నవి. అవి బయటి సూర్యకాంతి ప్రసరించినప్పుడే కనబడును; పొద్దుగూకిన తరువాత లోపల ఎన్ని దీపములు వెలిగించినను అవి నల్లని అద్దములే. సాయంకాలము చేరి, ఏమియు చూడక, కొనుకొన్న మిఠాయితో తిరిగివచ్చిన కుటుంబములు మన సంఘములలో లేకపోలేదు. ‘వెలుగుండగనే చేరుకోండి’ అను ఒక్క మాట ఎవరైనను చెప్పియుంటే చాలును. అట్లే క్రిస్మసు దినమున జనము విస్తారముగా నుందురు. నడువలేని తల్లిదండ్రులను, చంటిబిడ్డలను తీసికొనిపోవువారు పండుగ గడచిన తరువాత ఒక దినము పోవుట మేలు. దేవుడు ఆ దినమునను అక్కడే యుండును. సిరిసిల్లవారికి కామారెడ్డి మీదుగా దారి. కోరుట్లవారు రైలులో నిజామాబాదు చేరి అక్కడనుండి కామారెడ్డికి రావచ్చును. 2022లో అక్కన్నపేటనుండి మెదకు వరకు రైలుమార్గము కూడ తెరువబడినది.

మన అక్కచెల్లెండ్రకు ఒక మాట. 2023 డిసెంబరు 9నుండి తెలంగాణలో ఆడువారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు డబ్బు లేదు. ఇది అందరెరిగినదే. కాని రాష్ట్రపు పొలిమేర దాటినయెడల, లేక పెద్ద బస్సు ఎక్కినయెడల డబ్బు ఇయ్యవలెనని, ఆధారువంటి గుర్తింపు కార్డు చేత నుండవలెనని అందరు ఎరుగరు. మొదటిమారు ఒంటరిగా బయలుదేరిన ముసలమ్మ కండక్టరు ముందర చిన్నబుచ్చుకొనకుండ, ప్రక్క సీటులోనున్నామె ముందే చెప్పిన యెడల అదియు ప్రేమక్రియయే.

అందరు మెదకు పేరే చెప్పుకొందురు గాని డోర్నకలు పేరు ఎవరును చెప్పరు. డోర్నకలులోని దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడినది. ఆంగ్లికను సంఘములో బిషప్పుగా అభిషేకింపబడిన మొదటి భారతీయుడు వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు 1912లో అక్కడి బిషప్పై, ఈ దేశపు కట్టడముల రీతులను కలిపి దానిని కట్టించిరి. కాజీపేట, విజయవాడ మార్గములో డోర్నకలు పెద్ద జంక్షను. రైలు దిగుట సులభము. జనసందడి తక్కువ. వేసవి సెలవులలో పిల్లలను తీసికొని ఒకమారు వెళ్లిరండి.

ప్రయాణములో చెప్పవలసిన మాటలన్నియు సంతోషకరమైనవి కావు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దారిలో మన జగిత్యాల ప్రాంతపు పల్లెలవారు నిండిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. ఆ బస్సులో పరిమితిని మించి నూరుమందికి పైగా ఎక్కియుండిరి. వారిలో మన పొలములలో మనతో నాట్లు వేసినవారు, మనతో బీడీలు చుట్టినవారు గలరు. ఆ దినము మొదలుకొని మన పెద్దలు కొందరు నిండిన బస్సు వచ్చినప్పుడు చేయి అడ్డుపెట్టి, “ఆగు బిడ్డా, ఎనుకటి బస్సుకు పోదాం” అనుచున్నారు. తొందరలో నున్నవారు వారిమీద విసుగుకొందురు. విసుగుకొనకుడి. శివరాత్రికి వేములవాడ వెళ్లు మన యిరుగుపొరుగువారితో బస్సులు కిక్కిరిసియుండును. ఆ దినములలో మనకు అత్యవసరమైన పని లేనియెడల ప్రయాణము రెండు దినములు వెనుకకు పెట్టుకొని, వారికి చోటిచ్చుట మర్యాద.

ఇక అసలు సంగతికి వచ్చెదను. ఇంతవరకు చెప్పినది ఒకటి రెండు దినముల ప్రయాణము. తప్పు మాట విన్నయెడల ఒక దినము చెడును, కొంత డబ్బు పోవును. కాని సెలవుమీద వచ్చినవాడు చెప్పు మాట విని, ఇంటిమీద అప్పు తెచ్చి, రెండు మూడు సంవత్సరముల ప్రయాణమునకు లేచువారు మన మధ్య ఇంటింటికి ఉన్నారు.

కనానును వేగుచూచుటకు మోషే పండ్రెండుమందిని పంపెను. నలువది దినములు తిరిగి వారు వచ్చిరి. ఎష్కోలు లోయనుండి ఒక ద్రాక్షగెల తెచ్చిరి. ఇద్దరు దానిని దండెమీద మోసిరి. దానిమ్మపండ్లు, అంజూరపు పండ్లు కూడ తెచ్చిరి. ప్రాకారములుగల పట్టణములను గూర్చియు, అనాకీయులను గూర్చియు వారు చెప్పిరి. పదిమంది భయపెట్టిరని మనము వారిని నిందించుచుందుము, అది న్యాయమే. దేవుడు లేనట్లుగా వారు లెక్క వేసిరి. కాని ఒక సంగతిలో వారిని మెచ్చుకొనవలెను. వారు పండ్లును చూపిరి, ప్రాకారములను దాచలేదు. కాలేబు సహితము అనాకీయులు లేరని చెప్పలేదు. ఉన్నారని తెలిసియే పోదము రండని చెప్పెను.

మన యూళ్లలో సెలవుకు వచ్చినవాడు పండ్లు మాత్రమే చూపుచున్నాడు.

అతడు వచ్చిన సాయంకాలమున ఇల్లంతయు నిండును. పెట్టె విప్పగానే అత్తరు వాసన. అక్కకు చీర, చిన్నవానికి ఫోను, అమ్మకు దుప్పటి, పాస్టరుగారికి ఒక గడియారము. మేనల్లుడు ప్రక్కన కూర్చుండి మెల్లగా అడుగును:

“మామా, ఆడ ఎట్లుంటది?”

“మంచిగనే ఉంటది అల్లుడా.”

“నేను గూడ వస్త మరి.”

“రా, ఏమున్నది.”

ఇంతే. ఒక కుటుంబము యొక్క మూడు సంవత్సరములు ఈ నాలుగు మాటలలో నిశ్చయమైపోవును. ఆ మామ అబద్ధికుడు కాడు. తల్లి వినుచుండగా ఏమి చెప్పును? ఒక గదిలో పదిమంది, ఒకనిమీద ఒకని మంచము, నాలుగు గంటలకు లేచి క్యాంపు బస్సు ఎక్కవలెనని చెప్పునా? ఎండ ఎట్టిదనగా, అరబు ఎమిరేట్సులో జూను 15నుండి సెప్టెంబరు 15వరకు మధ్యాహ్నము పండ్రెండున్నరనుండి మూడు గంటలవరకు ఆరుబయట పని నిషేధించి చట్టము చేయవలసి వచ్చినంత. ఆ మిగిలిన గంటల పని ఇతడు చేసెను. తెచ్చిన సామానులో సగము అప్పుమీద కొన్నదని అతడు చెప్పునా? చెప్పిన యెడల తల్లి ఏడ్చును, బావమరదులు నవ్వుదురు, పెండ్లి సంబంధము తప్పిపోవును. ఆలాగున అతడు నోరు మూసికొనును. మనము కూడ అతనికి తోడ్పడుచున్నాము. వచ్చినవానిని “ఏమి తెచ్చినవు?” అని అడుగుదుము గాని, “ఎట్లున్నవు?” అని ఎవరడిగితిమి? దేవాలయపు గుమ్మములో సహా అతని చేతి గడియారమునే చూచుచున్నాము.

అయ్యా, సెలవుకు వచ్చిన సహోదరుడా, మేనల్లునికి నీవు చెప్పవలసినది చాలా యున్నది. నీవు చెప్పకపోయిన యెడల ఊరిలోని ఏజెంటు చెప్పును, అతనికి తెలిసినది ద్రాక్షగెల ధర మాత్రమే.

పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాని పాసుపోర్టు సాధారణముగా ఈ.సి.ఆర్. తరగతికి చెందునని చెప్పుము. అట్టివాడు గల్ఫు దేశములతో చేరిన 18 దేశములకు పనిమీద పోవలెనన్నచో, 1983 నాటి వలసల చట్టము ప్రకారము ప్రభుత్వపు అనుమతి పొందవలెను. ఆ యనుమతి అడ్డంకి కాదు, కంచె. ఏజెంటు ప్రభుత్వమునొద్ద నమోదైనవాడై యుండవలెను. అతడు తన సేవకు 30,000 రూపాయలును, దానిమీది పన్నును మించి తీసికొనరాదు. లక్ష, లక్షన్నర అడుగువాడు ఏ లెక్కన అడుగుచున్నాడో విచారింపవలెను. ప్రవాసి భారతీయ బీమా రెండు సంవత్సరములకు 275 రూపాయలు మాత్రమే; ప్రమాదమున మరణించినయెడల కుటుంబమునకు 10 లక్షలు వచ్చును. విజిట్ వీసామీద పోయి అక్కడ పనిచేయువానికి ఈ కంచెలలో ఏదియు లేదు. అది ఆ దేశపు చట్టమునకు విరోధము. ఆజాద్ వీసా అని తియ్యగా పలుకు వీసాలో ఆజాదు ఎంతయున్నదో, ఖల్లివెల్లియై పోలీసును చూచి సందులలో దాగుట ఎట్లుండునో అక్కడ నున్నవారికే తెలియును. ఆ మాట అంతయు చెప్పుము. చెప్పిన తరువాత కూడ వాడు పోవచ్చును. కాలేబు కూడ పోదమనెను గదా. తెలిసి పోవుట వేరు.

ఇంకొకటి కూడ చెప్పుము. అక్కడ ఆరాధనకు ఎక్కడికి పోవలెను? ఎమిరేట్సులో, కువైటులో, బహ్రయినులో, ఓమానులో, ఖతరులో దేవాలయములున్నవి. సౌదీ అరేబియాలో లేవు. మన సంఘపు పిల్లవాడు సౌదీకి పోవునప్పుడు ఈ సంగతి తెలియక పోయి, మొదటి క్రిస్మసునాడు గదిలో గోడవైపు తిరిగి పండుకొనుట తగునా? ముందు తెలిసినయెడల వాక్యభాగములు కొన్ని కంఠస్థము చేసికొని పోవును. ఇంటివారును ఏ గడియకు ప్రార్థన చేయుదురో చెప్పి పంపుదురు.

చెప్పువాని ధర్మము ఇట్లుండగా, వినువాని ధర్మమునకు అపొస్తలుల కార్యములు ఇరువదియేడవ అధ్యాయము చాలును. ఓడ క్రేతు ద్వీపములో మంచిరేవులు అను చోట నిలిచియుండెను. చలికాలము దగ్గర పడెను. ఓడలు నడువతగిన కాలము గడచిపోయెను. ఇక ముందుకు పోవలదు, నష్టము కలుగునని పౌలు హెచ్చరించెను. శతాధిపతియైన యూలి మంచివాడే, పౌలునందు దయగలవాడే. అయినను నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను. ఎక్కువమంది కూడ, ఈ రేవు చలికాలము గడుపుటకు అనువైనది కాదు, ఫీనిక్సు బాగుండును, అక్కడికి పోదమనిరి. నేటి మాటలో చెప్పినయెడల, మంచి వసతిగల ఊరు చూచుకొనిరి. తరువాత దక్షిణపు గాలి మెల్లగా విసరెను. మన ఆలోచన సిద్ధించినదని వారు లంగరు ఎత్తిరి. కొంతసేపటికే ఊరకులోను అను పెనుగాలి కొట్టెను.

ఈ కథలో రెండు సంగతులు మన ప్రాంతపువారు గురుతుపెట్టుకొనవలెనని నా కోరిక. మొదటిది, ఆ ఓడలో గోధుమలున్నవి. కడపట వాటిని సముద్రములో పారబోసిరని ముప్పదియెనిమిదవ వచనములో నున్నది. ఓడ యజమానుడు తెలివితక్కువవాడు కాడు, సముద్రము ఎరిగినవాడే. కాని సరకు అమ్ముడుపోవలెనను ఆశ అతని చూపును లాగియుండవచ్చును. నీకు దారి చెప్పువానికి నీ ప్రయాణమువలన లాభమున్నదా లేదా అని అడుగుట అనుమానము కాదు, వివేకము. రెండవది, పౌలు ఖైదీ, చేతులకు సంకెళ్లు. అందుచేత ఆయన మాట చులకనయ్యెను. కాని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక పదునొకండవ అధ్యాయము చూడుడి. ఈ ప్రయాణమునకు ముందే ఆయన మూడుమారులు ఓడ పగిలి బయటపడినవాడు; ఒక రాత్రింబగళ్లు సముద్రములో తేలినవాడు. ఆ ఓడలో ఆయనకంటె ఎక్కువగా నష్టపడి నేర్చినవాడు ఎవడుండెను? మన యూళ్లలోను అట్లే జరుగుచున్నది. పెట్టెనిండ తెచ్చినవాని చుట్టు పదిమంది కూడుదురు. వట్టిచేతులతో తిరిగివచ్చి, ఇప్పుడు చౌరస్తాలో కూలికి నిలుచున్నవాని మాట ఎవరును అడుగరు. బయలుదేరకముందు ఆ రెండవవాని యొద్దకు పొండి. అతనికి ఒక చాయ ఇప్పించి, అతడు చెప్పునంతసేపు ఊరక వినుడి.

276 మంది ప్రాణములు ఆ ఓడలో నుండెను. పౌలు, నా మాట వినియుండవలసినదని ఒక్కమారు చెప్పెను. ఆ మాట దాచలేదు. కాని అక్కడ ఆగలేదు. ధైర్యము తెచ్చుకొనుడని చెప్పి, పదునాలుగు దినములు సరిగా తినని వారి ముందర రొట్టె పట్టుకొని స్తోత్రము చెల్లించి, విరిచి తిన్నాడు. వారందరు తినిరి. అప్పుపాలై తిరిగివచ్చిన కుటుంబమును చూచి “మేమప్పుడే చెప్పినం” అని పదిమారులు అనువారు, పౌలు ఎన్నిమారులు అనెనో లెక్కింతురు గాక.

ప్రయాణపు ఆలోచనలను ఇతరులకు చెప్పవచ్చునా అని కొందరు శంకింతురు. దిష్టి తగులునని దాచువారు మన క్రైస్తవులలోను గలరు; వీసా వచ్చినదాక అన్నకు తమ్ముడు చెప్పడు. యాకోబు పత్రిక నాలుగవ అధ్యాయము చదివి, రేపటిని గూర్చి మాటలాడుటయే పాపమని తలంచువారును గలరు. యాకోబు ఆలోచన చేయవద్దనలేదు. ప్రభువు చిత్తమును విడిచి, లాభమును లెక్కించుకొని విఱ్ఱవీగవద్దనెను. పౌలు తన ఆలోచనలను దాచినవాడు కాడు. రోమీయులకు వ్రాసిన పత్రిక పదునైదవ అధ్యాయములో మొదట యెరూషలేమునకు పోయెదను, తరువాత మిమ్మును చూచి స్పెయినునకు పోయెదను, నా కొరకు ప్రార్థన చేయుడని వ్రాసెను. పదునారవ అధ్యాయము మొదట కెంక్రేయ సంఘపు సేవకురాలైన ఫీబేను పరిచయము చేసి, ఆమెకు కావలసిన సహాయము చేయుడని కోరెను. ప్రయాణికురాలి చేతికిచ్చిన సిఫారసు అది. మన పాస్టరుగార్లు అక్కడి సంఘమునకు అట్టి ఉత్తరము ఒకటి వ్రాసి మన పిల్లల చేతికి ఇచ్చినయెడల ఎంత మేలు! వెళ్లువాడు తన పాసుపోర్టు నకలు, వీసా నకలు, కంపెనీ పేరు, క్యాంపు ఉన్న స్థలము ఒక కాగితముమీద వ్రాయించి, ఒకటి తల్లికి, ఒకటి సంఘపెద్దకు ఇచ్చిపోవలెను. మాట తెగిపోయిన దినమున ఆ కాగితమే దారి.

ఒక చిన్న సంగతి ఇక్కడనే చెప్పెదను, మరల మరచిపోవుదునేమో. యేసు పండ్రెండేండ్లవాడై యున్నప్పుడు తల్లిదండ్రులు ఆయన గుంపులోనే యున్నాడనుకొని ఒక దిన ప్రయాణము సాగిపోయిరి. మెదకు జనములో ప్రతి బస్సు దిగునప్పుడును, ఎక్కునప్పుడును పిల్లలను లెక్కపెట్టుకొనుడి. చిన్నవాని జేబులో ఫోను నంబరు చీటి పెట్టుడి. ఇంకను, యోసేపు తన అన్నదమ్ములను బండ్లతో తండ్రియొద్దకు పంపునప్పుడు దారిలో జగడమాడవద్దని చెప్పెను. కుటుంబమంతయు ఒక జీపులో బయలుదేరినప్పుడు ఆ మాట ఎంత అవసరమో నేను వివరింపనక్కరలేదు.

పౌలు రోమాకు చేరినదెట్లో చూడుడి. ఆయన అనుకొన్నట్లు స్వేచ్ఛగా గాక, సైనికుని కావలిలో చేరెను. పొతియొలీలో ఓడ దిగి అక్కడి సహోదరులయొద్ద ఏడు దినములు ఉండెను. అంతలో ఆయన వచ్చుచున్నాడన్న వార్త రోమాకు పోయెను. అక్కడి విశ్వాసులు ఆయన పత్రికను ఏండ్లక్రిందటనే చదివియుండిరి, ఆయన రావలెనని కోరిన సంగతి ఎరుగుదురు. వారు పట్టణములో కూర్చుండి కనిపెట్టలేదు. కొందరు త్రిసత్రముల వరకు, అనగా సుమారు 50 కిలోమీటర్లు, మరికొందరు అప్పీయా సంతపేట వరకు, అనగా సుమారు 65 కిలోమీటర్లు ఎదురుగా వచ్చిరి. ఆయన పెట్టెలు తెచ్చెనా లేదా అని వారు చూడలేదు. ఆయనయొద్ద సంకెళ్లు తప్ప మరేమియు లేదు. వారిని చూచి పౌలు దేవునికి స్తోత్రము చెల్లించి ధైర్యము తెచ్చుకొనెనని లూకా వ్రాసెను.

మన యూళ్లనుండి రాత్రి భోజనములైన తరువాత శంషాబాదు విమానాశ్రయమునకు బయలుదేరు బండ్లను మీరందరు ఎరుగుదురు. కొడుకు వచ్చుచున్నాడని తెలిసినయెడల బండి నిండును, ఇద్దరు ముగ్గురు చోటులేక దిగిపోవుదురు. పని పోయి, జీతము రాక, ఔట్‌పాసుమీద తిరిగివచ్చువానికి తండ్రి ఒక్కడే పోవును, ఒక్కొక్కమారు అతడును చేతిలో కిరాయి లేక పోలేడు. ఈ డిసెంబరు, జనవరి నెలలలో మీ యింటికి వచ్చువారి పేరు, వచ్చు దినము సంఘపెద్దలకు చెప్పుడి. వట్టిచేతులతో వచ్చువాడైనయెడల ముందుగా చెప్పుడి. బండిలో మనవారు ఇద్దరు తోడువత్తురు, కిరాయి సంఘపు పేదల కానుకలోనుండి ఇయ్యబడును.